నేలగీత

నొక్కేస్తే అయిపోతుంది. మౌస్ మీద వేలు పెట్టే ఉంది, బాణం గుర్తు ‘అప్రూవ్’ అన్న మాట మీదే నిలబడి ఉంది, తెర మీద గీత ఉంది, గీత చివర బొడిపె ఉంది, బొడిపె కింద కంప్యూటర్ తనంతట తానే గీసుకున్న ఎర్రగీత ఉంది, ఆ రెండింటి మధ్య ఎంత మేర ఉందో కొలిచి పక్కన వేసిన అంకె ఉంది, అంకె పక్కన ఫెయిల్ అని ఉంది. మా అక్క మిరప్పొడి ఫెయిల్. పురుగుమందు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. నేను ఒక్క అబద్ధం ఆడక్కర్లేదు, ఒక్క అంకె మార్చక్కర్లేదు, ఊరికే ఒప్పుకుంటే చాలు. ఇంత సుళువుగా చేతికొస్తుందని ఏ రోజూ అనుకోలేదు. అనుకోకపోవడమేమిటి, ఎన్నిసార్లు అనుకోలేదూ, నీళ్ళు పోసుకుంటూ, బస్సులో కిటికీకి తల ఆనించి, ఎప్పుడో ఒకరోజు అది నా ముందుకు రావాలి, నా చేతిలో పడాలి అని. వచ్చింది. పడింది. తీరా పడ్డాక నొక్కకుండా ఈ పనికిమాలిన పని పెట్టుకున్నాను, బ్లాంక్ వేశాను.

బ్లాంక్ అంటే ఏమీ లేని రన్. మిరప్పొడి లేదు, మందు లేదు, వట్టి ద్రావకం ఒక చుక్క సూదితో లోపలికి పంపి, అదే వేడి, అదే గ్యాసు, అంతే సేపు ఇచ్చి, ఏమీ లేనప్పుడు ఈ దిక్కుమాలిన యంత్రం ఏం గీస్తుందో చూడటం. ప్రేమ్ సాగర్‌కి ఒళ్ళు మండింది. మా క్వాలిటీ మేనేజర్ ఆయన. కుర్చీ వెనక నిలబడి, నా భుజం మీదుగా తెరను చూసి, “పొద్దున బ్లాంక్ ఉంది కదా మేడమ్, దాన్నే వాడండి, సాయంత్రంలోపు రిపోర్ట్ వెళ్ళిపోవాలి, పార్టీ కింద కూర్చుని ఉంది,” అన్నాడు. పార్టీ అట. ఇదొక్కటి అయ్యాక పంపిస్తానని అన్నాను. “గ్యాస్ ఊరికే రాదు మేడమ్,” అని వెళ్ళిపోయాడు, సెంటు వాసన మాత్రం నా నెత్తిన వదిలి. గాలిలో ఆవగింజంత తేడా వస్తే పసిగట్టే యంత్రం దగ్గరికి సెంటు పూసుకుని వచ్చే మనిషి, ఆయన క్వాలిటీ చూస్తాడు మా అందరిదీ. కింద కూర్చున్న పార్టీ నాకు ఏమవుతుందో ఆయనకు తెలియదు. మనవాళ్ళ శాంపిల్ వస్తే పక్కవాళ్ళకు ఇచ్చేయాలని రూలు. ఇవ్వలేదు. ఎందుకివ్వాలి, ఇన్నాళ్ళకు దొరికింది నాకు.

పేరు చూసి తెలుసుకోలేదు. పేర్లు కిందే శాంపిళ్ళు తీసుకునే సాజిదా తీసేసి నంబర్ వేసి పంపుతుంది, మాకు పైకి వచ్చేది నంబరే. ఈ సంచి వచ్చినప్పుడు కూడా నంబరే చూశాను, కత్తెర తీసుకున్నాను, మూతి కోయబోయి ఆగిపోయాను. ముడి. రెండు చుట్లు తిప్పి, కొసను బయటికి కాకుండా లోపలికి దూర్చి, బొటనవేలితో చదును చేసిన ముడి. ఆ ముడి లోకంలో ముగ్గురికే తెలుసు. రాళ్ళు చెక్కే మా నాయన వేసేవాడు, అక్కకు నేర్పాడు, నాకు నేర్పాడు. ముడి పైకి పొంగితే దారం రాయి మీద పడుకోదు, దారం లేస్తే గీత తప్పుతుంది, అందుకని ఆ ముడి అంత చదును. నాయన పోయాడు. నేను కట్టలేదు. ఇక మిగిలింది ఎవరు, ఉమాదేవి గారే, ఆళ్ళగడ్డలో కారం మిల్లు పెట్టిన ఉమాదేవి గారే, నాతో మాటలు లేని మా అక్కగారే. నీళ్ళ బాటిల్ నింపుకునే నెపంతో కిందికి దిగి అద్దంలోంచి చూశాను కూడా. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో సంచి, చెప్పులు విడిచి పాదాలు చల్లటి బండ మీద పెట్టింది, గోళ్ళ సందుల్లో ఎర్రగా కారం. తలెత్తి నన్ను చూసింది. చూసి, గోడ మీద క్యాలెండర్ ఏదో కొత్తగా అచ్చయినట్టు అటు తిరిగింది. సరే తిరుగు, అనుకున్నాను, ఎంతసేపు తిరుగుతావో తిరుగు.

గీత మొదలైంది. ఇప్పటికి చదునుగానే ఉంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో దీన్నే చూస్తూ కూర్చునేదాన్ని, అందరూ బొడిపెల కోసం చూస్తుంటే నేను బొడిపెలు లేని చోట చూసేదాన్ని. పెట్టెలో వెంట్రుకంత సన్నటి గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది, ఎంతో పొడవు, దానిలోంచి గ్యాసు పోతూ ఉంటుంది, మనం పంపిన చుక్క ఆవిరై గ్యాసుతో కలిసి పోతుంది, ఒక్కో పదార్థం ఒక్కో వేళకు అవతలి కొసన బయటపడుతుంది, బయటపడినప్పుడల్లా తెర మీద గీత లేచి దిగుతుంది. ఏదీ బయటపడనప్పుడు ఉండే గీత బేస్‌లైన్. నేను మనసులో నేలగీత అంటాను. నేల చదునుగా ఉంటేనే గోడ ఎత్తు కొలవగలం. కానీ ఈ నేల నిలవదు. పెట్టెలో వేడి మెల్లమెల్లగా పెంచుతాం, వేడి పెరిగేకొద్దీ గొట్టం లోపలి పూత కొంచెం కొంచెం ఊడి గ్యాసులో కలుస్తుంది, పదార్థం ఏదీ లేకపోయినా గీత ఏటవాలుగా పైకి పోతుంది. గొట్టం పాతదయ్యేకొద్దీ ఇంకా పోతుంది. మిరపకాయలాంటి జిడ్డు సరుకు రోజంతా దాని గొంతులో పోస్తే ఇంకా ఇంకా పోతుంది. పొద్దున కడిగిన ముఖంతో ఉన్న యంత్రం కాదు ఇది, మధ్యాహ్నానికి ఎందరి కారమో మింగి కూర్చున్న యంత్రం. పొద్దున గీసిన గీతను ఇప్పుడెలా వాడతాను సాగరా, అని అడగాల్సింది. అడగలేదు. ఆయనకు చెప్పడం దండగ.

అయినా అది కాదు నేను బ్లాంక్ వేసిన కారణం. నిజం చెప్పుకోవాలంటే ఫెయిల్ గట్టిగా ఉండాలని వేశాను. రేపు ఆవిడ మళ్ళీ పరీక్ష చేయమంటుంది, ఇంకో ల్యాబ్‌కు పోతుంది, అప్పుడు ఎవరూ వేలు పెట్టలేని ఫెయిల్ అయ్యుండాలి. మా అక్కగారికి పేపరు మీద చూపించాలి. ఇదిగో చూడు, నా చెయ్యి కదల్లేదు.

నీ చెయ్యి కదిలింది. నాయన నోట్లోంచి వచ్చిన మాట అది, ఇప్పటికీ అదే గొంతు. మా నాయన శిల్పి ఆంజనేయులంటే ఆళ్ళగడ్డలో పేరున్నవాడు, కోపానికి అంతకన్నా పేరున్నవాడు. రాయిని ఇసుక పరుపు మీద నిలబెట్టి, పై కొస నుంచి దారానికి ఇనుప గుండు వేలాడదీసి, అది ఊగి ఊగి నిలిచాక పైనొక గుర్తు, కిందొక గుర్తు పెట్టేవాడు. తర్వాత ఎర్రమట్టి జాజు నీళ్ళలో ముంచిన దారం తెచ్చి, పై కొస అక్క చేతికి, కింది కొస నా చేతికి ఇచ్చి, నడుమ దారాన్ని రెండు వేళ్ళతో లాగి వదిలేవాడు. టప్‌మని ఎర్రగీత పడేది. నడిగీత. ముక్కు దాని మీదే, బొడ్డు దాని మీదే, పాదాల నడుమ సందు దాని మీదే. ఉలి దెబ్బకు గీత చెరిగిపోతుంది, చెరిగినప్పుడల్లా మళ్ళీ దారం, మళ్ళీ మేమిద్దరం. ఆడపిల్లలు ఉలి ముట్టకూడదు గానీ దారం పట్టుకోవచ్చు, ఆ మాత్రానికి మేం పనికొస్తాం. ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళం. “కదిలితే చేతులు ఇరగ్గొడ్తా,” అనేవాడు, ప్రేమగా ఉన్న రోజున కూడా అదే మాట.

గడివేముల వైపు నుంచి వచ్చిన పల్లెవాళ్ళు అమ్మవారిని చెక్కమన్నారు. నల్లరాయి, నాయన అన్నం నీళ్ళు మరిచి ముఖం నుంచి నడుము దాకా చెక్కాడు. నడుము దగ్గర గీత చెరిగింది. ఆ రాత్రి వాన. పొద్దున్నే మళ్ళీ గుండు వేలాడదీశాడు, గుర్తులు పెట్టాడు, నేను కింద గొంతుక్కూర్చుని దారం పట్టుకున్నాను, అక్క పైన పీట మీద నిలబడి పట్టుకుంది, టప్‌మంది, గీత పడింది. ఆ గీత మీద కింది సగం చెక్కాడు. పని పూర్తయ్యాక పల్లె పెద్దలు వచ్చి, వాళ్ళలో ఒక ముసలాయన నుదుటి నుంచి ముక్కు మీదుగా దారం లాగి చూశాడు. దారం పాదాల నడుమ పడలేదు. వడ్లగింజ మందం పక్కకు పడింది. ముఖం ఒక తీరు, కాళ్ళు ఒక తీరు. ముసలాయన అమ్మవారికి దండం పెట్టి, నాయన వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నాయన మమ్మల్ని ఇద్దరినీ షెడ్డులో నిలబెట్టాడు. ఎవుతెది, కదిలిన చెయ్యి ఎవుతెది, అన్నాడు. అక్క నోరు తెరవలేదు. నేను కదల్లేదు నాయనా అన్నాను. కదలనిది నేనొక్కదాన్నే అని నాకు తెలుసు, దారం లాగే వేళ అక్క మోచేతి మీద ఈగ వాలిందని, అది భుజం విదిలించిందని నేను కళ్ళారా చూశాను. చూశానా? చూశాననే ఇన్నాళ్ళూ. నాయన నా చేతుల వైపు చూశాడు. నీ చెయ్యి కదిలింది, అన్నాడు. బెల్టు వాడలేదు, జాజు దారం మడతపెట్టి వాడాడు. ఎర్ర గీతలు పడ్డాయి, అవి మాత్రం వంకర పోలేదు.

ఊరంతా తెలిసింది. ఆంజనేయులు చిన్నకూతురు దారం కదిలించిందంట, అమ్మవారు వంకర పోయిందంట. బడిలో పిల్లలు నా చెయ్యి ఎత్తి చూసేవాళ్ళు. ఆ ఎండాకాలం దాటగానే నంద్యాల హాస్టల్లో పడేశాడు నన్ను, షెడ్డు గడప మళ్ళీ తొక్కనివ్వలేదు. దాని వల్లే చదువుకున్నానంటారు జనం, పళ్ళు ఇకిలించి, మేలే జరిగింది కదమ్మా అంటారు. వాళ్ళ నోట్లో కారం పొయ్య. హాస్టల్ బియ్యంలో పురుగులు ఏరుకుంటూ ఎన్ని రాత్రులు ఏడ్చానో వాళ్ళకేం తెలుసు. అక్క ఇంట్లోనే ఉంది. నాయన శిష్యుడు మద్దిలేటిని చేసుకుంది, ఇల్లూ షెడ్డూ నాయన పక్కన కుర్చీ అన్నీ దానివే. నాయన పోయినప్పుడు పదకొండో రోజున అందరూ భోజనాలు చేసి లేచాక నేను ఒక్కటి అడిగాను. ఇల్లు అడగలేదు, స్థలం అడగలేదు. ఆ ఇనుప గుండు ఇవ్వమన్నాను. అక్క నా ముఖం చూసి, ఇంకా విస్తళ్ళు తీయని ఆ జనం ముందు, “నీకేంటికే గుండు? నీ చేతికి నిలకడ యాడిది?” అంది.

అంతే. ఆ తర్వాత నేను దానితో మాట్లాడలేదు. అది కాల్ చేస్తే ఎత్తలేదు, మద్దిలేటి బావ రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి చేరి ఉలి పట్టలేకపోతున్నాడని ఎవరో చెబితే అయ్యో అన్నాను గానీ పోలేదు, షెడ్డులో సుత్తులు ఆగి మిల్లు మొదలైందని విన్నాను, పగిడ్యాల దాకా తిరిగి రైతుల దగ్గర మిరపకాయలు తానే చూసి తెస్తోందని విన్నాను, బెంగళూరు దుకాణంవాళ్ళు సరుకు తీసుకుంటామన్నారని విన్నాను. విని ఏమనుకున్నాను. బాగుపడుతోందే అనుకున్నాను, అదే, ఆ ముక్కే, ఆ ‘దే’ దీర్ఘంతోనే. ఇప్పుడు ఆ బెంగళూరువాళ్ళే ల్యాబ్ కాగితం అడిగారు. కాగితం లేకపోతే సరుకు వెనక్కి. సరుకు వెనక్కొస్తే మిల్లు మూత. మిల్లు మూస్తే బావ మందులు, ఆక్సిజన్ మిషను, అన్నీ. తెలుసు నాకు. తెలిసే వేలు పెట్టి కూర్చున్నాను. బాణం గుర్తు మీద.

గీత లేస్తోంది. నేను కళ్ళు తిప్పుకున్నాను కాబోలు, చూసేసరికి లేస్తోంది. వేడి పెరుగుతున్న చప్పుడు పెట్టెలో, లోపలి ఫ్యాను ముక్కుతో గురక పెట్టినట్టు. నాకు ఈ చప్పుడంటే అసహ్యం, ఈ ఏసీ అంటే అసహ్యం, బయట నూనెపల్లె వైపు పోయే లారీ హారన్లంటే అసహ్యం, ఈ గీత అంటే మరీ అసహ్యం, ఎందుకు లేస్తున్నావే నువ్వు, నీలో ఏమీ లేదు కదా, వట్టి ద్రావకం కదా. లేస్తూనే ఉంది. ఏటవాలుగా, తొందర లేకుండా. నేను మిరప్పొడి రన్‌ను పక్కన తెరిచి రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. మొదట్లో రెండూ ఒకటే. మధ్యలో ఒకటే. మందు బయటపడే చోటికి వచ్చేసరికి మిరప్పొడి గీత ఎంత ఎత్తులో ఉందో, ఏమీ లేని గీత కూడా దాదాపు అంత ఎత్తుకు వచ్చేసింది. దాదాపు. ఆ పైన కాస్త బొడిపె ఉంది, అబద్ధం కాదు, ఉంది. కానీ కంప్యూటర్ గీసిన ఎర్రగీత ఎక్కడుంది, కింద, పొద్దున నేల ఉన్న చోట, చదునుగా. నేల లేచిపోయింది, ఎర్రగీత అక్కడే ఉండిపోయింది, మధ్యలో ఉన్న ఎత్తంతా ఆ మెదడులేని లెక్క మా అక్క ఖాతాలో వేసింది.

బ్లాంక్ వేయకపోతే నాకు తెలిసేదే కాదు. లేచింది నేల అని ఎట్లా తెలుస్తుంది, పైనున్నదాన్నే చూస్తుంటే. గొట్టం మొదట్లో ఎలా ఉందో, మధ్యాహ్నం ఎలా ఉందో, మధ్యలో ఏం జరిగిందో. మధ్యలో ఏం జరిగింది? మధ్యలో మిరప్పొడి. మధ్యలో వాన. వాన ఎందుకు గుర్తొస్తోంది నాకు, ఆ రాత్రి షెడ్డు రేకుల మీద వాన, పొద్దున దారం పట్టుకుని కూర్చుంటే నా గోళ్ళ కింద తడి ఇసుక, నేను ఏడుస్తున్నాను. ఎందుకు ఏడుస్తున్నాను? ఇంకా గీత పడలేదు, నాయన ఇంకా కొట్టలేదు. చింతగింజలు. ముందురోజు సాయంత్రం రాయి మొదట్లో, రెండు పక్కలా, ఇసుకలో చింతగింజలు వరుసగా గుచ్చాను, రాయిని ఆనుకుని, వామనగుంటలు ఆడే గింజలు, పొద్దున చూస్తే ఎడమవైపు ఒక్కటీ లేదు. అక్క దొంగతనం చేసిందని ఏడుస్తున్నాను. అక్కకు నా గింజల మీద ఎప్పుడూ కన్నే. “నా గింజలు అది తీసింది నాయనా,” అంటే, “నోరు మూసుకోని దారం పట్టు,” అన్నాడు. అదీ ఇన్నాళ్ళు లెక్కలో వేశాను. గింజలు తీసింది, దారం కదిలించింది, నన్ను వెళ్ళగొట్టింది, గుండు ఇవ్వలేదు, ఒకదాని మీద ఒకటి.

ఎడమవైపు గింజలే పోయాయి. కుడివైపు గుచ్చినవి ఉన్నాయి. దొంగ అయితే కుడివైపువి ఎందుకు వదిలిపెడుతుంది?

తీయలేదు. ఎవరూ తీయలేదు. వానకు ఇసుక కుంగింది, రాయి ఎడమకు ఒరిగింది, గింజలు రాయి కిందికి పోయాయి. మహా శిల్పి ఆంజనేయులు పొద్దున లేచి నిన్నటి రాయే అనుకుని గుండు వేలాడదీశాడు. గుండు నిజమే చెప్పింది. మా చేతులు నిలకడగానే ఉన్నాయి, అక్కవీ, నావీ. రాయి కుంగింది. కింద పరుపు సరిచూసుకోకుండా గీత గీసింది ఆయన, వంకర మా చేతుల్లో వెతికాడు, నేను అక్క చేతుల్లో వెతికాను. ఈగ వాలిందా అసలు? ఈగను నేను చూశానా, చూసినట్టు తర్వాత ఎప్పుడో హాస్టల్లో గీసుకున్నానా? నాకు తెలియడం లేదు. ఎవరి మీదైనా అరవాలని ఉంది, చచ్చిపోయినవాడి మీద ఎట్లా అరుస్తారు.

రన్ అయిపోయింది. చేతులు వాటంతటవే పని చేశాయి. ఏమీ లేని గీతను మిరప్పొడి గీతలోంచి తీసేశాను, యంత్రానిది యంత్రానికి పోయింది, నేల చదునయ్యింది, మిగిలిన బొడిపె కింద గీత కొత్తగా గీశాను. అంకె మారింది. సగం కూడా లేదు. పాస్. నొక్కే ముందు చాలాసేపు చూశాను, నిజం చెబుతున్నాను, సంతోషం కలగలేదు, చేతికొచ్చింది జారిపోయినట్టే అనిపించింది. తర్వాత నొక్కాను. ప్రేమ్ సాగర్‌కు రెండు రన్‌లూ కలిపి పంపి, శాంపిల్ మా అక్కది, ముందే చెప్పాల్సింది చెప్పలేదు, కావాలంటే ఇంకొకరితో మళ్ళీ లెక్క వేయించండి అని కూడా రాశాను. రానీ, సెంటు వేసుకుని వచ్చి ఏం పీకుతాడో పీకనీ. కానీ ఆయన రాలేదు, ఇంకో అమ్మాయితో లెక్క వేయించి అదే అంకె వచ్చిందని సంతకం పెట్టి పంపాడు. కాగితం పట్టుకుని మెట్లు దిగాను.

అక్క నన్ను చూసి లేవలేదు. సాజిదా టీ కప్పు పక్కన పెట్టి మా ఇద్దరి ముఖాలు చూసి, ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయింది.

“ఏమే, తీర్చుకుంటివా?” అంది అక్క.

“మందు ఉంది,” అన్నాను. దాని ముఖం ఎట్లా మారుతుందో ఒక్క క్షణం చూడాలనే ఆగాను, ఆ పాపం నాదే. సంచి మీద వేళ్ళు బిగిశాయి. అప్పుడు చెప్పాను. “లిమిట్‌లోనే ఉంది.”

కాగితం తీసుకోలేదు. “నువ్వేమన్నా దిద్దినావా? నీ దయ నాకొద్దు.”

“దయా లేదు, మన్నూ లేదు. మిషన్‌ది మిషన్‌కి తీసేసినా. మిగిల్న్యది నీది. రైతుల కాడ చూసి తెచ్చుకో ఇంగోసారి.”

అప్పుడు తీసుకుంది. మడత పెట్టి జాకెట్లో పెట్టుకుంది. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది గానీ నేను కూర్చోలేదు.

“అక్కా,” అన్నాను. ఆ మాట నోటికి తిరగలేదు సరిగ్గా. “నేను హాస్టల్‌కి పోయినాక ఆ రాయి జరిపినప్పుడు నువ్వు ఆడ ఉన్న్యావా?”

ఏ రాయి అని అడగలేదు. మా ఇంట్లో రాయి అంటే ఒకటే.

“ఉన్న్యా.”

“కింద చింతగింజలు ఉన్న్యాయా?”

క్యాలెండర్ వైపు చూసింది. నేను ఆ గోడకు అడ్డంగా పోయి నిలబడ్డాను.

“వరసగా ఉన్న్యాయి,” అంది. “రాయి కింద అణగబడి. నాయన చూసినాడు. కాలితో ఇసుక తోసినాడు పైన. ఎవురికన్నా చెప్తే నాలిక కోస్తా అన్యాడు.”

“నాకు చెప్పాల్సింది.”

“బయపడితి.” ఒళ్ళో సంచి సర్దుకుంది. “తర్వాత, చెప్తే నిన్ను ఎనక్కి తెస్తాడనుకుంటి. సదువుకుంటాండావు గదా, సదువుకోనీ అనుకున్యా. ఆమీద నువ్వు ఇంటికొచ్చినప్పుడల్లా నన్నే దొంగని చేసి తిడతాంటివి. నాకూ పౌరుషం వచ్చె.”

మొదటిది నిజం. చివరిది నిజం. నడుమది, చదువు మాట, అప్పటిదో, ఈ ప్లాస్టిక్ కుర్చీలో ఇప్పుడే పుట్టిందో నాకు తెలియదు, తేల్చుకోవడానికి దానికి బ్లాంక్ లేదు. నాకు తెలిసిందల్లా ఒక్కటి, దాన్ని మాత్రం వదలను.

“తెలిసే అంటివి గదా, పదకొండో రోజున. అంతమంది ముందర. నా చేతికి నిలకడ లేదని. నా చెయ్యి కదల్లేదని తెలిసీ అంటివి.”

“అంటి,” అంది. తప్పయిందనలేదు. వంగి చెప్పులు వెతుక్కుంది, తొడుక్కుంది, సంచి భుజానికి వేసుకుంది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. “బావ నిన్ను అడుగుతాంటాడు. మాట్లాడాలంటే ఆయాసం ఆయనకు, ఐనా అడుగుతాడు.” తలుపు పట్టుకుంది. “ఇంగా కోపం ఉందా?”

“ఉంది,” అన్నాను.

కదలకుండా నిలబడింది, మందు ఉందన్నప్పుడు సంచి బిగించి కూర్చున్నట్టే, నా మాటలో మిగతా సగం కోసం. ఎంత ఉందో నేను ఇంకా లెక్క కట్టలేదు.